ప్రయాణంలో ఉన్నవారు

క్రీస్తురాజు ఏ రోజున కనిపించకుండా పోయాడో ఎవరికీ తెలియదు. తెలిసిందల్లా ఆ మాట ఇంటికి చేరిన రోజు. డిసెంబరు మొదటి గురువారం, మూడో తరగతి పిల్లలు పన్నెండో ఎక్కం అప్పజెబుతున్నారు, ఎనభై నాలుగు దాకా వచ్చారు. పోస్టుమాన్ మస్తానయ్య గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఏ రోజూ సైకిలు దిగకుండా కాలు నేలకానించి ఉత్తరం అందించే మనిషి చెప్పులు విడవడం చూసి పరంజ్యోతి టీచరమ్మ చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టింది. టెలిగ్రాములో పద్నాలుగు మాటలున్నాయి. పిల్లలు ఎనభై నాలుగు దగ్గరే ఆగి ఆమెకేసి చూస్తున్నారు, తొంభై ఆరు అనమని చెప్పాలి, చెప్పింది, వాళ్ళు అన్నారు. అందులోని మిస్సింగ్ అన్న ఇంగ్లీషు మాటను ఇంటికి మోసుకుపోవడానికి తెలుగులో ఒక మాట కావలసి వచ్చింది. తప్పిపోయాడు అంటే తిరునాళ్ళలో పిల్లలు తప్పిపోతారు. కనిపించడం లేదంటే కళ్ళజోడు కనిపించదు. బడి నుంచి గోడ చుట్టి వస్తే ఇంటికి నూటయాభై అడుగులు, ఆ అడుగుల్లోనే వెతికి, తమ్ముడి భార్య ఏసుమణితో "జాడ ఇంకా తెలియలేదంట" అని చెప్పింది. టెలిగ్రాములో ఇంకా అన్న మాట లేదు. అది ఆమె కలిపింది. ఇరవై రెండేళ్ళ పిల్ల ఆరు నెలలుగా ఆ ఒక్క మాట పట్టుకుని లేస్తోంది, పడుకుంటోంది.

ఇప్పుడు మే నెల, శనివారం, మధ్యాహ్నం మూడయింది. బడికి వేసవి సెలవులు, ఖాళీ బెంచీల మీద సముద్రపు గాలి మోసుకొచ్చిన ఇసుక సన్నగా పరుచుకుంది. గోడ అవతల ఇంటి వసారాలో ఏసుమణి చింతకాయలు కొడుతోంది, టక్కు, టక్కు, మధ్యలో ఆగి పిక్క తీస్తుంది కాబోలు, మళ్ళీ టక్కు. పరంజ్యోతి ముందు తెల్లకాగితం ఉంది, సిరాబుడ్డి ఉంది. నాలుగు గంటలకు సంఘ పెద్ద హెబ్రోను వస్తాడు, ఈలోపు రేపటి ప్రార్థన జాబితా రాసి ఉంచాలి. మంచి దస్తూరి ఆమెదని ఎనిమిదేళ్ళుగా ఆమె చేతే రాయిస్తున్నారు. రోగులు, ప్రయాణంలో ఉన్నవారు, కష్టంలో ఉన్నవారు అని మూడు వరుసలు. ఆదివారం హెబ్రోను ఒక్కొక్క పేరే చదువుతాడు, ఒక్కొక్క పేరుకూ సంఘమంతా ఆమేన్ అంటుంది. ఈ వారం రోగులు ముగ్గురు. రెబెక్కమ్మ మోకాలు, ఆనందకుమారి కానుపు జ్వరం, సమాధానంగారి కంటి పొర. ఆ పేర్లు రాసేసింది. రెండో వరుస పేరు రాసి కింద గీత గీసింది. ఆ గీత కింద మొదటి పేరు నాలుగేళ్ళుగా ఒకటే. పట్టాళంలో చేరడానికి రైలెక్కిన వారం నుంచి అక్కడ క్రీస్తురాజు పేరు ఉంది. టెలిగ్రాము వచ్చిన వారం కూడా అక్కడే రాసింది, ఎవరూ ఏమీ అనలేదు. ఫిబ్రవరిలో నెల్లూరి నుంచి పాదిరి అయ్యగారు ప్రభురాత్రి భోజన సంస్కారానికి వచ్చి, అందరూ వెళ్ళాక వేపచెట్టు కింద కుర్చీ వేయించుకుని, తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకుని, మెల్లగా ఎత్తాడు ఆ సంగతి. "అమ్మా, పోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యడం మన బోధలో లేదు గదా. ఆ బిడ్డ ప్రభువు దగ్గరికి చేరి ఉంటే, ఇంకా క్షేమంగా తీసుకురా అని మనం అడగడం తప్పు. బతికి ఉంటే, అడగకపోవడం తప్పు. ఏదో ఒకటి తేల్చుకోవాల నువ్వు." ఆయన కఠినంగా అనలేదు. కఠినంగా అని ఉంటే ఎదురు చెప్పడం తేలికయ్యేది. ప్రభుత్వం ఏం చెబితే అది రాస్తానండీ అంది ఆమె. ఆ మాట సంఘమంతా పాకింది. వెంకటాచలంలో ఉన్న ఏసుమణి తండ్రి కూడా విని, ఈస్టరుకు వచ్చినప్పుడు కూతురి ముఖం చూడకుండా ఆమె ముఖమే చూసి, "ఉండాడంటే ఉంచుకోండి, లేడంటే నా బిడ్డను నాకిచ్చెయ్యండమ్మా, దానికి ముందు బతుకుంది" అని పోయాడు.

ప్రభుత్వం చెప్పింది. మధ్యాహ్నం మస్తానయ్య తెచ్చిన పొడుగు కవరు బల్ల సొరుగులో ఉంది, ఈసారి అతను సైకిలు దిగలేదు, సర్కారు ముద్ర వేసిన కవరు గనుక మంచి వార్తే అనుకున్నాడేమో, గంట కూడా మోగించాడు. లోపల ఢిల్లీలో అచ్చయిన పుస్తకం, పార్లమెంటులో ఒక రోజు ప్రశ్నోత్తరాలు, దానికి గుండుసూదితో గుచ్చిన ఎం.పి.గారి చీటీ. ఆమె ఇంగ్లీషు మెల్లగా చదువుతుంది కానీ తప్పు చదవదు. రెండుసార్లు చదివింది. మూడోసారి చదవడానికి పుస్తకం తీసి, చదవకుండా కాగితం ఎగరకుండా దాని మీద పెట్టింది.

మార్చిలో నెల్లూరులో ఎం.పి.గారి ఇంటి వరండా. బెంచీ నిండా మనుషులు, బావులు కావాలని, బస్సు కావాలని. చిట్టమూరు నుంచి వచ్చిన పెంచలమ్మ అనే ముసలామె పక్కన కూర్చుంది, ఆమె కొడుకూ పోరు జరిగిన ఆ సరిహద్దు కొండల్లోనే, ఆమెకూ టెలిగ్రామే. ఆమె దాన్ని పసుపు గుడ్డలో చుట్టుకుని వచ్చింది, చదవడం రాదు గనుక ఎదురుపడ్డ ప్రతివాళ్ళ చేతా చదివించుకుంటోంది, ఒకరైనా వేరే విధంగా చదువుతారేమోనని. పరంజ్యోతీ చదివింది. వేరే విధంగా చదవలేకపోయింది. అంతకుముందు రాత్రి ఆమె ప్రశ్న రాసుకుని వెళ్ళింది, ఎం.పి.గారే రాసుకు రమ్మన్నారు. నాలుగుసార్లు కొట్టివేసి ఐదోసారి శుభ్రంగా రాసింది. రక్షణ మంత్రిగారు దయచేసి తెలుపగలరా: (అ) గత సంవత్సరం ఈశాన్య సరిహద్దున జరిగిన పోరాటంలో జాడ తెలియకుండా పోయిన జవానులలో నెల్లూరు జిల్లాకు చెందినవారు ఎందరు, (ఆ) వారిని గురించి వారి కుటుంబాలకు ఖాయమైన సమాచారం ఎప్పటికి అందగలదు. ఎం.పి.గారు కళ్ళజోడు పైకెత్తి చదివి సంతోషించారు. "టీచరమ్మా, ఇందులో అక్షరం కదిలించే పన్లేదు. మా సెక్రటరీ కూడా ఇట్టా రాయలేడు. పోతే, మీ తమ్ముడి పేరు యాడా లేదే?"

"ఒక్కడి కోసం సభ టైము అడగకూడదండీ. మిగతా తల్లులు కూడా ఉన్నారు" అంది. పక్కనే పసుపు గుడ్డ ముడి విప్పుతూ పెంచలమ్మ ఉంది.

"సరే, అట్నే పోనీ. మంత్రి లేచి జవాబు చెప్పినాక మేం మళ్ళీ లేచి అనుబంధ ప్రశ్న అడగొచ్చు. అప్పుడు పేరు పెట్టి నేనే అడగతా. చీటీ రాసియ్యండి, జేబులో పెట్టుకుంటా." రాసిచ్చింది. పేరు, నంబరు, దళం, ఊరు. ఆయన చొక్కా జేబులో పెట్టుకుని, పైన చేత్తో తట్టాడు. ఆ రోజుకే ఇంకో ప్రశ్న కూడా వేస్తున్నానని, అది మన కాలవ పాటల గురించని, పడవలవాళ్ళ పాటలు మాసిపోతున్నాయని తనకు చిన్నప్పటి నుంచీ దిగులని ఉత్సాహంగా చెప్పాడు. మంచిదండీ అంది ఆమె. వేరే ఆలోచనలో ఉంది. పాటల మాట విని ఉంటే, అని ఇప్పుడు అనుకుంటుంది, విని ఉంటే మాత్రం ఏం చేసేది.

టక్కు. టక్కు. సభలో ప్రశ్నలకు ఒక్క గంటే. పుస్తకంలో ఆ గంట ఎలా గడిచిందో మాట మాటకూ అచ్చయి ఉంది. మొదటిది సాంస్కృతిక వ్యవహారాల మంత్రిగారి వంతు, ఏదో నాట్యబృందం విదేశాలకు పోవడం గురించి. మూడోది ఎం.పి.గారి పాటలు. పాటలు సేకరించిన మాట నిజమేననీ, తూర్పు తీరంలో రెండువందల పన్నెండు పాటలు టేపు మీదికి ఎక్కించారనీ, అన్నీ భద్రంగా ఉన్నాయనీ మంత్రిగారు చెప్పారు. ఒక సభ్యుడు లేచి, పడవల మీద పోయిన అధికారులకు ఈత వచ్చునా అని అడిగాడు. బ్రాకెట్టులో నవ్వులు. ఆ ప్రశ్నకు నాకు ముందుగా నోటీసు కావాలన్నారు మంత్రిగారు. మళ్ళీ నవ్వులు. ఇంకొకరు, మచ్చుకు మంత్రిగారే ఒకటి పాడి వినిపించగలరా అన్నారు. ఈ సభలో ఇప్పటికే ఎవరి పాట వారు పాడుతున్నారని స్పీకరుగారు. బ్రాకెట్టులో పెద్ద నవ్వులు. పదకొండు అనుబంధ ప్రశ్నలు దాని మీద. పరంజ్యోతికి ఆ పెద్దమనుషుల మీద కోపం రాలేదు, బడిలో ఎండాకాలం చివరి పీరియడులో పిల్లలు ఇలాగే నవ్వుకు సాకు వెతుకుతారు, ఆపబుద్ధి కాదు. కానీ ఏ నవ్వు దగ్గర గంట అయిపోయిందా అని వేలు పెట్టి చూసింది. స్పీకరుగారిది కాదు. దాని తర్వాత ఇంకా రెండు ఉన్నాయి. చివరగా పల్లెపాటలకు బడుల్లో చోటిస్తారా అని ఎవరో అడిగారు, పరిశీలనలో ఉందన్నారు, అంతటితో ప్రశ్నల వేళ ముగిసింది. ఆమె ప్రశ్న దాకా రానేలేదు. రాని ప్రశ్నలకు జవాబులు వ్రాతపూర్వకంగా సభ ముందుంచుతారట, లేచి అడగడం ఉండదు. చీటీలో ఎం.పి.గారు రాశారు, నా పాటల ప్రశ్న మీదే సభ సరదాపడింది, టైము చాలలేదు, మీరిచ్చిన కాగితం జేబులోనే ఉండిపోయింది, మన్నించాలి.

టేపు యంత్రం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. యాభై ఎనిమిదిలో వాళ్ళు ఇక్కడికీ వచ్చారు, ఇద్దరు ప్యాంటులవాళ్ళు, బరువైన పెట్టె, దానికో బ్యాటరీ. కాలవ ఒడ్డున ముత్యాలయ్య పడవ కట్టి ఉంది, మద్రాసుకు పోయే సరుగుడు కట్టెలతో. తమ్ముడు రాజు అప్పటికి స్కూలు ఫైనలు రెండుసార్లు తప్పి ఆ పడవ వెంట తిరుగుతున్నాడు. అమ్మ పోయేటప్పటికి నాలుగేళ్ళవాడు, ట్రెయినింగు స్కూలు హాస్టలులో దొరసానమ్మ దగ్గర అనుమతి తీసుకుని తన మంచం పక్కనే చాప వేసి పెంచింది, గ్రంథంలోని కీర్తనలన్నీ ఆ చాప మీదే నేర్పింది, వాడి గొంతు హాస్టలు దాటి వినిపించేది. ఆ గొంతుతో తాడు లాగేవాళ్ళ పాట పాడాడు ఆ రోజు. పడవ యజమాని బొజ్జ మీద కట్టిన పాట అది, ఒక్కో చరణానికీ బొజ్జ కొంచెం పెరుగుతుంది, పడవ ఒరుగుతుంది, ఆఖరున గంగమ్మను కాపాడమంటారు. ప్యాంటులవాళ్ళు మళ్ళీ తిప్పి వినిపిస్తే ఒడ్డున జనం పొట్టలు పట్టుకున్నారు, ముత్యాలయ్య "నా పడవ కన్నా నీ గొంతే బరువురా అబ్బయ్యా" అన్నాడు. సాయంత్రానికే సంఘంలో ఇద్దరు ఆమె దగ్గరికి వచ్చారు, పంతులమ్మ తమ్ముడు గంగమ్మ పేరెత్తి పాడినాడని. ఇంటికి వచ్చినవాడిని అన్నం ముందు కూర్చోబెట్టి అంది. మెల్లగానే అంది, ఆమె ఎప్పుడూ గట్టిగా అనదు. "ఆ పాటలు పాడిన నోటితోనే ఆదివారం కీర్తన పాడతావా?" వాడు ముద్ద కలుపుతూ, "దేవుడికి చెవులుండాయి గదక్కా, ఏది ఏదో ఆయనకు తెలవదా" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆ ఆదివారం వాడు గుడిలో పెదవి కదల్చలేదు, ఆ తర్వాత ఆదివారమూ. మరుసటి ఏడు నెల్లూరులో పట్టాళానికి మనుషులను తీసుకుంటున్నారని తెలిస్తే అర్జీ ఆమే రాసింది, తప్పులేని ఇంగ్లీషులో, నడవడి మంచిదని హెబ్రోను చేత సంతకం పెట్టించి. కాలవ మీద పాడైపోతాడని. గౌరవంగా బతుకుతాడని. ఆ అర్జీ చూసి ఆఫీసరు మెచ్చుకున్నాడంట, ఎవరు రాసినారు అని అడిగినాడంట, మా అక్క అన్నానని మొదటి ఉత్తరంలో రాశాడు.

సిరా కలం కొసన ఎండిపోయింది. తుడిచి మళ్ళీ ముంచింది.

పుస్తకం వెనుక పాటల ప్రశ్నకు అనుబంధం ఉంది, తొమ్మిది పేజీల పట్టిక, మధ్యాహ్నం మొదటిసారి దాన్ని తిప్పేసింది, తనది కాదని. రెండోసారి ఏదో పేజీ అంటుకుపోయి విడదీస్తుంటే నెల్లూరు అన్న మాట కనిపించింది. పాట నంబరు, పాడినవారు, వయసు, ఊరు, నిడివి. నూట పద్దెనిమిది, క్రీస్తురాజు, పంతొమ్మిది, కింద ఊరి పేరు, మూడు నిమిషాల పది సెకన్లు. ఊరి పేరులో కూడా తప్పు పోలేదు. పేరు అచ్చులో చూసి ఆమె మొదట చేసిన పని, వరుసగా అలవాటు ప్రకారం, అక్షరాలు సరిగా ఉన్నాయా అని చూడడం. ఉన్నాయి. తర్వాత లేచి కిటికీ దాకా వెళ్ళింది. బయట ఎండలో మేక ఒకటి గోడనీడకు ఒదిగి నిలబడి ఉంది. వచ్చి కూర్చుంది. తన ప్రశ్నకు జవాబు అంతకు ముందు పేజీల్లో, రెండే రెండు పంక్తులు. (అ) జిల్లాలవారీ లెక్కలు ఉంచడం లేదు. (ఆ) ప్రశ్న ఉదయించదు.

ఉదయించదు. మొదటిదానికి లెక్క లేదు గనుక రెండోది లేనే లేదు. ఆ రెండింటినీ కలిపి కుట్టింది తానే. జిల్లా అని రాసింది గనుక జిల్లా అని చెప్పారు. వాళ్ళు మోసం చెయ్యలేదు, తప్పించుకోనూ లేదేమో, గుమాస్తా ఎవరో అడిగినదానికే జవాబు వెతికి, లేదని రాసి, తర్వాతి కాగితం తీసుకున్నాడు. పాటలవాళ్ళు ఊరూ పేరూ రాసుకున్నారు గనుక వాళ్ళ దగ్గర ఊరూ పేరూ ఉన్నాయి. మరి తాను ఎందుకు రాయలేదు. పెంచలమ్మ పక్కనుంది గనుక. నిజమే. మా వాడొక్కడేనా అన్న మర్యాద. అదీ నిజమే. కానీ ఐదో కాగితం మీద శుభ్రంగా రాసేటప్పుడు ఇంకొకటి కూడా ఉంది, దాన్ని ఆమె ఆరు నెలలుగా తప్పించుకు తిరుగుతోంది. పేరు పెట్టి అడిగితే పేరు పెట్టి చెబుతారు. జిల్లాలో పదిమంది అంటే ఆ పదిలో వాడుండొచ్చు, లేకపోవచ్చు. విడుదలైన యుద్ధఖైదీలు విడతలుగా వస్తున్నారని పత్రికలో చదివిన ప్రతిసారీ ఆమె పేర్ల కోసం వెతికేది, పేర్లు వేయలేదని చూసి పత్రిక మడిచేటప్పుడు గుండె కొంచెం తేలికపడేది. తేలికపడిందని ఎవరికీ చెప్పలేదు.

చింతకాయల చప్పుడు ఆగింది. చాలాసేపు అయిందేమో ఆగి. గుమ్మంలో ఏసుమణి నిలబడి ఉంది, చేతులు మోచేతుల దాకా చింతపండు జిగట, ఎక్కడా తాకకుండా ముందుకు చాపి పట్టుకుంది.

"వదినా, మస్తానన్న కవరిచ్చిపోయినాడు గదా. మధ్యాహ్నమనగా వచ్చింది. నేనడగకూడదని ఊరుకున్నా."

"రా మణీ, కూర్చో."

"కూర్చోను, బెంచీకి అంటుద్ది. ఏం రాసినారు?"

పరంజ్యోతి మళ్ళీ మాట కోసం వెతికింది. ఈసారి కలపకూడదు. "నేను అడిగినదానికి లెక్క లేదన్నారు."

"అంటే ఉండాడనా, లేడనా?"

"రెండూ చెప్పలేదు."

ఏసుమణి తన చేతులకేసి చూసుకుంది. "ఆయన పేరన్నా రాసినారా యాడన్నా?"

దాచి ఉంచవచ్చు. ఇంగ్లీషు చదవడం ఆ పిల్లకు రాదు. పరంజ్యోతి పుస్తకం తిప్పి వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ ఉంది. ఇది వేరే సంగతి. పాటలది. కాలవ దగ్గర టేపులో పాడాడే, అది. ఢిల్లీలో దాచారంట. మూడు నిమిషాల పది సెకన్లు."

"బొజ్జ పాటా?" అంది ఏసుమణి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోబోయి జిగట గుర్తొచ్చి ఆపింది, నవ్వు మాత్రం ఆగలేదు, నవ్వుతుంటేనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మూడు నిమిషాలేనా? వాళ్ళకు తక్కువ పాడినాడు వదినా. నాకు ఇంకా పెద్దది పాడినాడు. పెళ్ళయినాక ఆ లీవు నలభై రోజులూ, దినాం ఒక చరణం కలిపేవాడు. దుప్పటి కప్పుకోని, గొంతు తగ్గించి."

"గొంతు తగ్గించి ఎందుకు?"

"మీకు వినపడతాదని."

ఏసుమణి ఆ మాట మామూలుగా అంది, అందులో దెప్పు లేదు. చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. గోడ అవతల చెంబు తొట్టిలో ముంచిన చప్పుడు వచ్చింది. పరంజ్యోతి నలభై రోజులూ వాళ్ళ గది గోడకు ఇవతలే పడుకుంది. ఒకటి రెండుసార్లు ఏదో వినిపించింది కూడా, మాట్లాడుకుంటున్నారని అటు తిరిగి పడుకుంది, పడుచువాళ్ళ మాటలు వినకూడదని. పాడడం మానలేదన్నమాట. తాను అన్నదానికి మానేశాడని ఐదేళ్ళుగా అనుకుంది, అందుకు బాధపడింది, అందుకు కొంచెం గర్వపడింది కూడా. ఎన్ని చరణాలో. బొజ్జ ఎంత పెరిగిందో, పడవ ఎటు ఒరిగిందో. ఏసుమణిని పాడమని అడగాలి. అడగగలనా. ఆ పిల్లను వెంకటాచలం పంపే మాట ఎవరు చెప్పాలి, ఏమని చెప్పాలి, ఆ ముసలాయనకు లెక్క లేదంట అని రాస్తే ఆయన దాన్ని ఎలా చదువుకుంటాడు. గాలికి కాగితం అంచు లేస్తోంది. గీత కింద కలం పెట్టి, నాలుగేళ్ళుగా రాసినట్టే రాసింది, క్రీస్తురాజు. దస్తూరి చెడలేదు. కింద మూడో వరుసలో కష్టంలో ఉన్నవారు అని రాసి, చిట్టమూరు పెంచలమ్మ అని రాసింది. ఆమె ఈ సంఘం మనిషి కాదు, ఈ మతం మనిషే కాదు. అయినా రాసింది.

హెబ్రోను నాలుగు కాకముందే వచ్చాడు. గొడుగు మడిచి గోడకు ఆనించి, కాగితం అందుకుని, అక్షరాలకు అలవాటుపడిన కళ్ళతో దూరంగా పట్టుకుని చదివాడు. రెండో వరుస దగ్గర ఆగాడు.

"ఢిల్లీ నుంచి జవాబు వచ్చిందంట గదమ్మా. మస్తానయ్య రేవు దాకా టముకేసినట్టు చెప్పుకుంటా పోయినాడు."

"వచ్చిందన్నా."

"సర్కారోళ్ళు ఏం చెబితే అది రాస్తానంటివి."

"వాళ్ళేమీ చెప్పలేదు. నేను సరిగా అడగలేదన్నా. పేరు రాయలేదు."

హెబ్రోను ఆమెను ఇరవై ఏళ్ళుగా ఎరుగును. ఆమె నోట సరిగా చెయ్యలేదన్న మాట ఎప్పుడూ వినలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "అయ్యగారు అడిగితే?"

"రేపటికి ఉండనీ. ఆయనకు నేనే ఉత్తరం రాస్తాను."

"ఈ పెంచలమ్మ ఎవరమ్మా?"

"నా మాదిరి ఇంకొకామె."

ఆయన గొడుగు తీసుకుని వెళ్ళాడు. సభ ఈ నెల మొదటి వారంలోనే ముగిసింది, మళ్ళీ ఆగస్టులో కూడుతుంది. అయ్యగారికి ఉత్తరం రాయాలి, వెంకటాచలానికి రాయాలి, ఎం.పి.గారికి రాయాలి. క్రీస్తురాజు అనే మనిషి ఏమయ్యాడని ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టి అడగలేదు.